పాండూరులో కార్బన్ లెక్క

తిరువళ్ళూరులో తిరుత్తణి బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. పాండూరు వచ్చేసింది, దిగండి. మధ్యాహ్నం దంచికొట్టిన వాన ఇప్పుడే తెరిపిచ్చింది. రోడ్డు దిగగానే బురద, చూసి నడవండి. నవంబరు నెల. మడికయ్యల్లో నీళ్లు గట్ల అంచుదాకా నిలిచాయి. వెనక చెన్నై–తిరుపతి రహదారి మీద లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. అంగట్లో అరవం, ఇంట్లో తెలుగు, ఈ పక్క ఎన్నో కుటుంబాలది ఇదే తీరు. పైనున్న తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండింది.

మా మామ ఇంటి వరండాలో ట్యూబులైటు వెలుగుతోంది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టూలు. స్టూలు మీద స్పీకరులో పెట్టిన సెల్‌ఫోను, దాని పక్కన పొడుగు నోటుబుక్కు. ఫోనులోంచి ఒకమ్మాయి గొంతు ఇంగ్లీషులో చెబుతోంది: ప్రస్తుతానికి అందరూ వినడం మాత్రమే కుదురుతుంది, ప్రశ్నలు అడగాలంటే స్టార్ నొక్కి ఒకటి నొక్కండి. మామ వేలు పెదవుల మీద పెట్టి నాకు కుర్చీ చూపించాడు. పలకరింపులు తర్వాత.

హైదరాబాదులోని రెయిన్ ఇండస్ట్రీస్ మూడు నెలల ఫలితాల మీద ఫోన్ సమావేశం నడుస్తోంది. కాన్‌కాల్ అంటారు. ముంబైలో పెద్ద ఫండ్ల అనలిస్టులు వినేది ఇదే. ఈ వరండాలో వింటున్నది ముగ్గురు. మామ అరక్కోణం పక్క టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఎదురింటి టీచరమ్మ తిరుత్తణి దిక్కున బడిలో లెక్కలు చెబుతుంది. మూడోవాడు మామకు తమ్ముడి వరస అయినాయన అబ్బాయి. ఒరగడం కార్ల కంపెనీల్లో కాంట్రాక్టు పని చేస్తాడు, ఇవాళ షిఫ్టు మార్పించుకుని వచ్చాడు.

“ఏమన్నాడమ్మా?” మామ అడిగాడు.

“వాల్యూములు ఎంత అమ్మారో చెప్పినాడన్నా. రాసుకో.” టీచరమ్మ అంకె చెప్పింది. మామ నీలం పెన్నుతో రాశాడు.

ఆ నోటుబుక్కును దగ్గరగా చూడండి. రూళ్లకర్రతో గీసిన ఐదు నిలువు గీతలు. పైన తెలుగులో, కాస్త వణికే చేత్తో: టన్నులు, మార్జిను, అప్పు, వడ్డీ, డాలరు. అడ్డంగా ఒక్కో వరస ఒక్కో త్రైమాసికం. షేరు ధరకు గడి లేదు. మొదట్లో ఉండేదట, మామే కొట్టేశాడు. “అది టీవీలో రోజూ కనపడతాది. ఇవి కనపడవు. కనపడనివే రాసుకోవాల” అన్నాడు. పేజీలు తిప్పుతుంటే ఒకచోట ఎర్ర సిరాతో చుట్టూ గీసిన అంకె ఉంటుంది. 12.25. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

ముందు ఆ కంపెనీ సంగతి. మన ప్రాంతాల్లో పాతతరం మదుపరులకు ఇది ప్రియా సిమెంటు కంపెనీగా గుర్తు. కానీ ఇప్పటి వ్యాపారంలో సిమెంటు చిన్న భాగం. అసలు సంగతి కార్బన్. పెట్రోలు శుద్ధి కర్మాగారంలో ముడిచమురు నుంచి తీయగలిగిందంతా తీశాక అడుగున మిగిలేది పెట్రోలియం కోకు. నల్లని పెళుసు గడ్డలు. దాన్ని విశాఖపట్నంలో కొలిమిలో పన్నెండు పదమూడు వందల డిగ్రీల వేడికి కాలుస్తారు. తేమా, ఎగిరిపోయే పదార్థాలూ పోయి గట్టి కార్బన్ మిగులుతుంది. ఇదే కాల్సిన్డ్ కోకు, సీపీసీ. దాన్ని తారు నుంచి తీసిన పిచ్‌తో కలిపి దిమ్మలు పోస్తారు. అల్యూమినియం కర్మాగారంలో ఆ దిమ్మలే ఆనోడ్లు. ఒక టన్ను అల్యూమినియం తీయాలంటే దాదాపు 400 కిలోల కార్బన్ ఖర్చయిపోతుంది. మీ ఇంట్లో కుక్కరు మూతలో, తలుపు చట్రంలో ఉన్న ప్రతి కిలో లోహం వెనక అరకిలోకి కాస్త తక్కువ కార్బన్ కాలిపోయింది.

కార్బన్‌లో విశాఖ కొలిమితో మొదలైన ఆ కంపెనీ 2007లో అమెరికాలోని సీఐఐ కార్బన్‌ను దాదాపు 60 కోట్ల డాలర్లకు కొన్నది. 2013 ఆరంభంలో యూరప్‌లో తారు స్వేదనంలో పెద్దదైన రూట్‌గర్స్‌ను 70 కోట్ల యూరోలు పోసి కొన్నది. తెలుగువాళ్లు నడిపే కంపెనీ చేతికి జర్మనీ, బెల్జియం, అమెరికా కర్మాగారాలు వచ్చాయి. రష్యాలో చెరెపొవెట్స్ దగ్గర ఉమ్మడి సంస్థ కూడా చేరింది. అందుకే పాండూరు వరండాలో డాలరుకు ఒక గడి ఉంది, యూరో మాటొస్తే టీచరమ్మ చెవులు రిక్కిస్తుంది.

ఫోనులో ఇప్పుడు ప్రశ్నల వంతు. ముంబై నుంచి ఒకాయన గబగబా అడుగుతున్నాడు. టీచరమ్మ ఒక చేత్తో ఫోను చెవికి దగ్గరగా జరుపుకుంటూ, ఇంకో చేత్తో కాగితం మీద గీకుతోంది. అబ్బాయి ఓపిక పట్టలేక అడిగేశాడు: “బ్యాటరీ గురించి ఎవురైనా అడిగినారా అక్కా?”

“ఇంకా లేదు నాయనా.”

వాడు దీనికోసమే వచ్చాడు. వాడి ఉత్సాహంలో న్యాయం ఉంది, కాదనలేం. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక కొస లోహాలది, రెండో కొస కార్బన్‌ది. ఆ రెండో కొస, అంటే ఆనోడ్, ముఖ్యంగా గ్రాఫైటే. బండి చార్జింగులో పెట్టినప్పుడు లిథియం అయాన్లు పోయి కూర్చునేది ఆ గ్రాఫైట్ పొరల మధ్యనే. పొడి రేణువులు త్వరగా పాడవకుండా వాటి మీద పిచ్‌తో పలుచని కార్బన్ పూత వేస్తారు. తారు నుంచి పిచ్ తీయడమే బతుకుదెరువైన కంపెనీకి ఇది తెలిసిన విద్య. 2024లో రెయిన్ అనుబంధ సంస్థ కెనడా కంపెనీ నార్తర్న్ గ్రాఫైట్‌తో కలిసి బ్యాటరీ ఆనోడ్ పదార్థం అభివృద్ధి చేస్తామని ప్రకటించింది. ప్రపంచంలో ఆనోడ్‌కు పనికొచ్చే గ్రాఫైట్ తయారీలో 90 శాతం పైచిలుకు చైనా చేతిలో ఉంది. 2023 డిసెంబరు 1 నుంచి చైనా గ్రాఫైట్ ఎగుమతికి అనుమతి పత్రం తప్పనిసరి చేసింది. అప్పట్నుంచి కార్బన్ అన్న మాటకు బజారులో విలువ పెరిగింది.

బ్యాటరీ కార్బన్ మాట వినపడేది ఒక్క హైదరాబాదు కంపెనీలోనే కాదు. ఉక్కు కొలిముల్లో వాడే గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లు చేసే హెచ్ఈజీ, టీఏసీసీ పేరుతో అనుబంధ సంస్థ పెట్టి మధ్యప్రదేశ్‌లో ఆనోడ్ పదార్థం ఫ్యాక్టరీ కడుతోంది. ఆ పేరు విప్పితే ‘ది అడ్వాన్స్‌డ్ కార్బన్స్ కంపెనీ’. అదే వ్యాపారంలో ఉన్న గ్రాఫైట్ ఇండియా, హైదరాబాదులో బ్యాటరీ సెల్‌లు చేసే గోడి ఇండియాలో 2023లో వాటా తీసుకుంది. వీటన్నిటి వార్తలూ అబ్బాయి ఫోనులో ఉన్నాయి. మామ అవన్నీ వింటాడు, ఒక్కటీ కొట్టిపారేయడు. కానీ నోటుబుక్కులో బ్యాటరీకి గడి గీయలేదు. ఎందుకని నేనడిగితే సూటిగా చెప్పాడు: “టన్నులు అమ్మినాము, ఇంత దుడ్డు వచ్చింది అని వాళ్లు చెప్పిన రోజు గీస్తా.”

ఈ మాట దగ్గరే నాకు మామ మీద గౌరవం. కొత్త పదార్థం కనిపెట్టడం వేరు, ఒక కొనుగోలుదారు దాన్ని తన సెల్‌లో వేసి నెలల తరబడి పరీక్షించి సరేననడం వేరు, ఆ తర్వాత వేల టన్నులు ఒకే నాణ్యతతో చేసివ్వడం వేరు. ఈ మూడింటికీ మధ్య ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లన్నీ పాత వ్యాపారమే ఇంటి ఖర్చు మోయాలి. మదుపరి చూడాల్సింది ఆ మోసే బలం ఉందా లేదా అని. కొత్త పదార్థం గొప్పదా కాదా అన్న చర్చ తర్వాత.

అత్త కాఫీ తెచ్చింది. ఫోనులో ఎవరో రుణాల గురించి అడుగుతున్నారు. మామ కాఫీ ముట్టలేదు. ఇప్పుడు ఆ ఎర్ర అంకె పేజీ తీయండి.

2023లో రెయిన్ అమెరికా అనుబంధ సంస్థ 45 కోట్ల డాలర్ల రుణపత్రాలు జారీ చేసింది. గడువు 2029. వడ్డీ 12.25 శాతం. దానికి ముందు 2025లో తీరాల్సిన పాత పత్రాల మీద వడ్డీ 7.25 శాతం. ప్రపంచమంతా వడ్డీలు పెరిగిన కాలంలో, సీపీసీ ధరలు పడిపోతున్న సమయంలో, తీరాల్సిన అప్పును ముందుకు జరుపుకోవడానికి ఇచ్చిన మూల్యం అది. పత్రికల్లో ఒక్క వాక్యంలో పోయిన వార్త. టీచరమ్మ ఆ రోజు చేసిన లెక్క అదే పేజీలో పెన్సిలుతో ఉంది, మీరే చూడండి.

45 కోట్ల డాలర్ల మీద 12.25 శాతం అంటే ఏడాదికి 5.5 కోట్ల డాలర్ల పైచిలుకు. డాలరు 83 రూపాయలనుకుంటే దాదాపు 457 కోట్ల రూపాయలు. కంపెనీ షేర్లు మొత్తం 33.63 కోట్లు. భాగిస్తే షేరుకు 13 రూపాయల 60 పైసలు. ఇది ఒక్క రుణపత్రం మీద వడ్డీ, మిగతా బ్యాంకు అప్పులు కలపలేదు. పక్కనే మామ రాసుకున్నాడు: మనకొచ్చే డివిడెండు షేరుకు 1 రూపాయి.

“ఈ లెక్క చేసిన రాత్రి మీ మామ నిద్రబోలేదు” అంది అత్త, గ్లాసు అందిస్తూ.

“నిద్రబోలేదని కాదబ్బా. అర్థమైంది” అన్నాడు మామ. “మన ముందర లైన్లో ఎవురుండారో అర్థమైంది. ముందు వాళ్లకు పోవాల, మిగిల్తే మనకు.”

షేరు అంటే ఏమిటని పుస్తకాల్లో రాసేదంతా ఈ మాటలో ఉంది. వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లెక్కగట్టి ఎబిటా అని గొప్పగా చెప్పే అంకెకీ షేరుదారు చేతికొచ్చే రూపాయికీ మధ్య వడ్డీ కూర్చుని ఉంటుంది. 2022లో రెయిన్ వెయ్యి కోట్లకు పైగా లాభం చూపింది. 2023లో నష్టం, 2024లోనూ నష్టం. ఏడాదికి 15 వేల కోట్లు దాటిన అమ్మకాలు ఉన్నా సరే. ఆ రెండేళ్లలో వ్యాపారం ఆగలేదు. ధరల చక్రం తిరిగింది, వడ్డీ మాత్రం తిరగలేదు.

ఇంకో సంగతి కూడా నోటుబుక్కులో ఉంది. 2018 అక్టోబరు. ఢిల్లీ కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు పెట్‌కోకు దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. కాల్చి సీపీసీ చేసే కంపెనీలన్నిటికీ కలిపి ఏడాదికి 14 లక్షల టన్నుల ముడికోకు పరిమితి. రెయిన్ అప్పటికి విశాఖ దగ్గర అచ్యుతాపురం సెజ్‌లో కొత్త ప్లాంటు కట్టే పనిలో ఉంది. కొలిమి ఉన్నా అందులో వేయడానికి సరుకు చాలని పరిస్థితి వచ్చింది. 2018 జనవరిలో 475 రూపాయల దాకా పోయిన షేరు 2019లో వంద కిందికి దిగింది. మామ 2017లో వంద దగ్గర కొన్నాడు. పైకి పోయినప్పుడు అమ్మలేదు, దిగినప్పుడూ అమ్మలేదు. అది సరో కాదో నేను చెప్పను. కోర్టు ఆంక్షలను ఆయన ఎప్పుడూ తప్పుపట్టడు. గాలి శుభ్రంగా ఉండాలని కోర్టు చెప్పడం న్యాయమే గదా అంటాడు. టైర్ల ఫ్యాక్టరీలో పదిహేనేళ్లకు పైగా కార్బన్ పొడి పీల్చినవాడు అనే మాట అది.

కాల్ ముగిసింది. వాన మళ్లీ సన్నగా మొదలైంది. కాల్‌లో ఎవరు ఏమన్నారో ఇక్కడ రాయను. కంపెనీలు ఆ సంభాషణను అక్షరం అక్షరం ఎక్స్ఛేంజీలకు ఇవ్వాలి, ఎవరైనా తీసి చదువుకోవచ్చు. టీచరమ్మ లేచింది, రేపు బడి. మామ నీలం పెన్ను మూత పెట్టాడు.

పొద్దున్నే లేవండి. అబ్బాయి బండి బయటికి తీశాడు, మామ వెనక ఎక్కాడు, మీరు నా వెనక. పూండి మీదుగా ఊత్తుకోట, అక్కణ్నుంచి తేర్వాయ్ కండిగ. దారిలో పూండి చెరువు నిండుగా ఉంది. 1944లో కుశస్థలి మీద కట్టిన జలాశయం. మన కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణ నీళ్లు చేరేది ఇక్కడికే. తేర్వాయ్ కండిగ దగ్గర కూడా 2020లో ఇంకో జలాశయం తెరిచారు.

మామకు అటుపోవాలని కోరిక ఎందుకంటే, తిరువళ్ళూరు జిల్లాలోనే, బండి మీద పోయి చూసొచ్చే దూరంలో ఒక కార్బన్ కంపెనీ ఉంది. కోల్‌కతా గోయెంకాల పీసీబీఎల్. 1960లో ఫిలిప్స్ కార్బన్ బ్లాక్‌గా మొదలై, దుర్గాపూరులో తొలి ప్లాంటు పెట్టి, ఇప్పుడు పీసీబీఎల్ కెమికల్ అయింది. తేర్వాయ్ కండిగ సిప్‌కాట్ పారిశ్రామిక పేటలో ఏడాదికి 1,47,000 టన్నుల కార్బన్ బ్లాక్ చేసే ప్లాంటు కట్టింది. మొదటి దశ 63,000 టన్నులు 2023 ఏప్రిల్‌లో మొదలైంది. అదే పేటలో మిషెలిన్ టైర్ల ఫ్యాక్టరీ.

గేటుకు దూరంగా బండ్లు ఆపాం. లోపలికి పోనివ్వరు, పోవాలని అడగనూ లేదు. పొడుగాటి గోపురాల్లాంటి సైలోలు, చుట్టుకున్న గొట్టాలు, పొగగొట్టం. లారీ ఒకటి బయటికొచ్చింది, టార్పాలిన్ బిగించి కట్టి ఉంది. మామ దాని చక్రాలకేసి, తర్వాత దాని మీది బరువుకేసి చూశాడు.

లోపల జరిగేది మన అవ్వలకు తెలిసిన పనే. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి కాటుక పట్టినట్టు, తారు నూనెను చాలీచాలని గాలిలో విపరీతమైన వేడి మీద మండించి, పూర్తిగా కాలకముందే నీళ్లు చల్లి ఆపి, ఆ మసిని సంచీ వడపోతల్లో పడతారు. మిగిలిన వాయువును కాల్చి కరెంటు తీస్తారు. ఆ మసి లేకపోతే టైరు లేదు. రబ్బరు ఒక్కటే అయితే రోడ్డు మీద ఇట్టే అరిగిపోతుంది. టైరు బరువులో దాదాపు నాలుగోవంతు ఇదే.

“మిక్సింగులో ఉన్నప్పుడు ఎన్నిసార్లు తలంటుకున్నా దిండుగలీబు పొద్దున్నకు నల్లగా అయ్యేది” అన్నాడు మామ. “మీ అత్త తెల్లవి కొనడమే మానేసింది. గోళ్ల కింద రిటైరైన ఏడాది దాకా పోలేదు.” చేతులు చాపి చూపించాడు. ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. ఆయన కార్బన్ షేర్లే ఎందుకు కొన్నాడో నాకు ఆ మాటతో తెలిసింది. తెలియని సాఫ్ట్‌వేరు కంటే చేతికంటిన సరుకు మీద నమ్మకం.

అబ్బాయి కొన్నది ఈ కంపెనీ షేర్లే, 2024లో, ధర ఐదు వందలు దాటి ఉన్నప్పుడు. ఆ ఏడాదే కంపెనీ ఆస్ట్రేలియాకు చెందిన కినాల్‌టెక్‌తో కలిసి, 51 శాతం వాటాతో, బ్యాటరీలకు నానో సిలికాన్ పదార్థం చేసే ఉమ్మడి సంస్థ పెట్టింది. వీడియోల్లో ఆ ఒక్క మాటే మోగింది. అదే ఏడాది జనవరిలో పుణెలోని ఆక్వాఫార్మ్‌ను 3,800 కోట్లకు కొనడం పూర్తయిందనీ, దానితో అప్పూ వడ్డీ భారమూ ఒక్కసారిగా పెరిగాయనీ ఆ వీడియోల్లో చెప్పినవాళ్లు తక్కువ. 2025 మొదట్లో ధర నాలుగు వందల కిందికి వచ్చింది. కంపెనీ దేన్నీ దాచలేదు, రెండూ ప్రకటనల్లోనే ఉన్నాయి. ఒకటి వినసొంపుగా ఉంది, రెండోది లేదు.

“అమ్మేయాలా పెదనాయనా?” వాడు గేటుకేసి చూస్తూనే అడిగాడు.

“నేను చెప్పను. ఇంటికి పోయి ఐదు గడులు గీయి. నింపినాక నువ్వే చెప్పు.”

వాడు నింపుతాడనే నా నమ్మకం. వాడిలాంటివాళ్లు ఎందరో. 2020 మార్చిలో దేశంలో డీమ్యాట్ ఖాతాలు 4 కోట్ల చిల్లర. 2024 డిసెంబరుకు 18 కోట్లు దాటాయి. పొదుపు పోస్టాఫీసు దాటి షేరుబజారుకు వచ్చిన కొత్తతరం వీళ్లు. వీళ్లను అత్యాశపరులని తిట్టే వ్యాసాలు చాలా చదివాను, నాకు ఒప్పుదల లేదు. ఒరగడంలో కాంట్రాక్టు కూలి మీద బతికే కుర్రాడికి రేపటి కార్బన్‌లో ఒక పిడికెడు వాటా కావాలనుకునే హక్కు ఉంది. వాడికి అందనిది డబ్బు ఒక్కటే కాదు, వివరం కూడా.

హెచ్ఈజీ కథ మామ అక్కడే నిలబడి వాడికి చెప్పాడు. 2017 మొదట్లో మూడు వందల లోపున్న షేరు. చైనా కాలుష్యం పేరుతో పాత కొలిములు మూయించింది, ఎలక్ట్రోడ్లకు కరువొచ్చింది, ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. 2018 అక్టోబరుకు షేరు 4,900 దాటింది. కంపెనీ 5,500 చొప్పున 750 కోట్ల రూపాయల షేర్లు వెనక్కి కూడా కొన్నది. ఎలక్ట్రోడ్ల కరువు తీరింది. 2020 మార్చికి షేరు వెయ్యి లోపు. కొలిమి అదే, యాజమాన్యం అదే, మాండిదీప్‌లో ఫ్యాక్టరీ అదే. మారింది ఎలక్ట్రోడ్ ధర.

తిరిగొస్తూ తేర్వాయ్ ఊరి టీకొట్టు దగ్గర ఆగాం. ఈ సిప్‌కాట్ రాకముందు ఇక్కడ పశువులు మేసిన భూములు పోతాయని ఊరివాళ్లు కొట్లాడారు. కొట్టు పెద్దాయన అరవంలో ఆ రోజుల గురించి రెండు మాటలే చెప్పి టీ వడపోతలో పడిపోయాడు. మామ ఇంకేమీ అడగలేదు, టీ డబ్బులు తనే ఇచ్చాడు. కంపెనీలో వాటాదారు అయినవాడు కంపెనీ చుట్టూ ఉన్న ఊరిని కూడా ఒకసారి చూసి రావాలని ఆయన అభిప్రాయం. నాదీ అదే.

ఇక ఒక సంగతి చెప్పి ముగిస్తాను. షేరుబజారు నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం లిస్టయిన కంపెనీ తన ఫలితాలను ఒక ఇంగ్లీషు పత్రికలో, రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ప్రాంతపు భాషలో ఒక పత్రికలో ప్రకటించాలి. రెయిన్ ఆఫీసు హైదరాబాదు కనుక తెలుగు. పీసీబీఎల్ ఆఫీసు కోల్‌కతా కనుక బెంగాలీ. ఫ్యాక్టరీ ఉన్న తిరువళ్ళూరు జిల్లా మాట ఆ నిబంధనలో లేదు. తెలుగులో వచ్చే ప్రకటన కూడా అంకెల పట్టిక, లేదంటే పూర్తి ఫలితాలకు దారి చూపే క్యూఆర్ కోడు. 12.25 శాతం లాంటి సంగతి తెలియాలంటే ఇంగ్లీషు ప్రకటన చదవాలి, లేదా ఎదురింట్లో ఒక టీచరమ్మ ఉండాలి. అందరికీ ఉండదు. మూడు నెలలకొకసారి రెండు పేజీలు చాలు. అప్పెంత, వడ్డీ ఎంత, ఎన్ని టన్నులు అమ్మారు, కొత్త పదార్థం మీద ఇప్పటిదాకా ఎన్ని రూపాయలు పెట్టారు, ఎన్ని రూపాయలు వచ్చాయి. కొలిమి ఉన్న ప్రతి ఊరి భాషలో ఇవ్వమని కంపెనీలను అడుగుతున్నాను, తప్పనిసరి చేయమని సెబీని అడుగుతున్నాను.

మీరూ అడగండి. ఒక్క షేరున్నా వార్షిక సర్వసభ్య సమావేశంలో మాట్లాడే హక్కు మీది. చాలా కంపెనీలు ఇప్పుడు వీడియోలోనే నడుపుతున్నాయి కనుక పాండూరు నుంచి కదలక్కర్లేదు. సమావేశం నోటీసు మీ ఈమెయిలుకు వస్తుంది, అందులో మాట్లాడదలచినవాళ్లు ఏ తేదీలోగా పేరు ఇవ్వాలో ఉంటుంది. ఆ తేదీ దాటనివ్వకండి.